కండోమ్ ఇచ్చి పంపితే సరిపోదు

లైంగిక సంక్రమణ వ్యాధుల గురించి మన దగ్గర చర్చ జరిగినప్పుడు సెక్స్ వర్కర్ల ప్రస్తావన సాధారణంగా రెండు విధాలుగా వస్తుంది. కొందరు వారిని ఊరికి రోగం తెచ్చేవారిగా చూస్తారు. మరికొందరు ఏమీ తెలియని అమాయకులుగా భావించి, అవగాహన కల్పిస్తే చాలునంటారు. కోస్తా ఆంధ్రలో సెక్స్ వర్కర్ల కోసం నడిచిన ఒక టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్, అంటే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి నేరుగా చేరే హెచ్ఐవీ నివారణ) ప్రాజెక్టులో నేను కౌన్సెలర్‌గా పనిచేశాను. అక్కడికి వచ్చిన స్త్రీలలో కండోమ్ ఎందుకు వాడాలో తెలియనివారు చాలా అరుదు. వారికి తెలిసినంత వివరంగా వారి దగ్గరకు వచ్చే మగవారికి తెలియదని నేను నమ్మకంగా చెప్పగలను. తెలిసిన జాగ్రత్తను పాటించే వీలు ఏ రాత్రి దొరుకుతుంది, ఏ రాత్రి దొరకదు అన్నదే వారి అసలు సమస్య. ఆ వీలును నిర్ణయించేవి పోలీసుల గస్తీ, రోజువారీ వడ్డీ, లాడ్జి గదికి కట్టవలసిన అద్దె, తాగి వచ్చిన మనిషి బలం. వ్యాధి నివారణ అనే పని క్లినిక్ గదిలో మొదలైనా, అది నిలబడేదీ కూలిపోయేదీ ఈ విషయాల దగ్గరే.

ముందుగా వ్యాధుల సంగతి చెప్పాలి, ఎందుకంటే స్త్రీ శరీరంలో ఇవి ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో తెలియకపోతే మిగిలినదంతా అర్థం కాదు. గనేరియా సోకిన మగవాడికి చాలావరకు కొద్ది రోజుల్లోనే మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. అతను భయపడి మందుల షాపుకైనా పరుగెత్తుతాడు. అదే గనేరియా గాని, క్లమీడియా గాని స్త్రీకి సోకినప్పుడు ఎక్కువమందిలో ఏ లక్షణమూ ఉండదు. ఉన్నా అది కొంచెం తెల్లబట్టగానో, నడుము నొప్పిగానో కనిపిస్తుంది. రాత్రంతా నిద్ర లేని మనిషి నడుము నొప్పిని రోగంగా లెక్కపెట్టదు. ఈలోగా ఇన్ఫెక్షన్ గర్భాశయం నుంచి ఫాలోపియన్ నాళాలలోకి పాకుతుంది, పొత్తికడుపులో వాపు వస్తుంది, కొందరికి సంతానం కలగదు, కొందరికి గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్లు సవాయి అని పిలిచే సిఫిలిస్ మరీ మోసకారి. దాని మొదటి పుండు నొప్పి పెట్టదు. అది యోని లోపలో, గర్భాశయ ముఖద్వారం దగ్గరో వస్తే ఆ స్త్రీకి కనిపించనైనా కనిపించదు. కొన్ని వారాలలో దానంతట అదే మానిపోతుంది; తరువాత అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు వచ్చి అవీ పోతాయి; ఆపైన సంవత్సరాల తరబడి ఒంట్లో దాక్కుంటుంది. గర్భవతికి ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా వ్యాధితో పుట్టవచ్చు. ఇంత హాని చేసే వ్యాధికి తొలి దశలో చికిత్స 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇవ్వడమే. ఆలస్యంగా బయటపడితే అదే మోతాదును వారానికి ఒకసారి చొప్పున 3 వారాలు ఇస్తారు. దీనికి కావలసిన రక్తపరీక్ష చాలా చవక, మందు పాతది, ధర తక్కువ. అయినా ఈ రోగంతో బిడ్డలు పుడుతున్నారంటే లోపం వైద్యశాస్త్రంలో లేదు. ఇక జననాంగాల మీద పుండు గాని, వాపు గాని ఉన్నప్పుడు హెచ్ఐవీ సోకే అవకాశం బాగా పెరుగుతుంది. సెక్స్ వర్కర్లకు ఈ చికిత్సలు అందడం ఇన్ని విధాలుగా ముఖ్యం కావడానికి అది మరో కారణం.

నాకో అని మనం పిలిచే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ల్యాబ్ లేని చోట కూడా చికిత్స ఆగకుండా ఉండేందుకు లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతిని దేశమంతటా ప్రవేశపెట్టింది. దాని కోసం 7 రంగుల కిట్లు తయారయ్యాయి. గనేరియా, క్లమీడియాలకు బూడిద రంగు కిట్, యోని స్రావానికి ఆకుపచ్చ, నొప్పి లేని పుండుకు పెన్సిలిన్ ఉన్న తెలుపు, పెన్సిలిన్ పడనివారికి నీలం, నీటి పొక్కులతో వచ్చే హెర్పీస్‌కు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్లలు కట్టినవారికి నలుపు. అక్షరం రాని స్త్రీ కూడా తన కిట్‌ను రంగును బట్టి గుర్తుపెట్టుకుంటుంది, కౌన్సెలర్‌కు కూడా పొరపాటు జరిగే అవకాశం తగ్గుతుంది. ఈ ఏర్పాటు చేసినవారికి క్షేత్రం తెలుసునని నాకు అనిపించేది. కానీ ఈ పద్ధతికి ఒక పెద్ద పరిమితి ఉంది. లక్షణమే లేని స్త్రీకి ఏ రంగు కిట్ ఇవ్వాలి? తెల్లబట్ట కనిపించిన ప్రతి స్త్రీకీ లైంగిక సంక్రమణ వ్యాధి ఉండదు, వ్యాధి ఉన్న ప్రతి స్త్రీకీ తెల్లబట్ట కనిపించదు. అందుకే సెక్స్ వర్కర్ల విషయంలో లక్షణాల కోసం ఎదురు చూడకుండా 3 నెలలకొకసారి స్పెక్యులమ్ అనే పరికరంతో యోని లోపలి పరీక్ష, 6 నెలలకొకసారి సిఫిలిస్‌కు, హెచ్ఐవీకి రక్తపరీక్ష చేయాలన్న నియమం పెట్టారు. మొదటిసారి వచ్చినవారికి లక్షణాలు లేకపోయినా గనేరియా, క్లమీడియాలకు ముందుజాగ్రత్త చికిత్స ఇస్తారు.

నియమం రాసుకోవడం తేలిక. ఆ లోపలి పరీక్ష బల్ల మీద పడుకునేలా ఒక స్త్రీని ఒప్పించడం తేలిక కాదు. ఒంటిని అమ్ముకునేవారికి సిగ్గు ఏమిటని అడిగేవారు ఉన్నారు; ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పరీక్ష గదిలో వారు పడే ఇబ్బంది ఏ గృహిణి పడేదానికీ తక్కువ కాదు, చాలా సందర్భాల్లో ఎక్కువ. తమ శరీరాన్ని గురించి తామే నిర్ణయించుకునే అరుదైన చోటు అదేనని భావించి, అక్కడ గట్టిగా వద్దని చెప్పేవారు ఉండేవారు. తెర సరిగా లేకపోయినా, స్పెక్యులమ్ చల్లగా తగిలినా, నర్సు ముఖం చిట్లించినా ఆ స్త్రీ మళ్లీ రాదు; ఆమె ఒక్కతే కాదు, ఆమె చెప్పిన మాట విని ఆమె తోటివారు కూడా రారు. వేళలు మరో చిక్కు. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం దాకా తెరిచి ఉండే క్లినిక్ వైద్యుడికి అనుకూలం. రాత్రి పని చేసి తెల్లవారుజామున ఇంటికి చేరి, పిల్లలకు వండిపెట్టి, బడికి పంపి నడుం వాల్చే మనిషికి అది నిద్ర వేళ. సాయంత్రం 4 గంటలకు క్లినిక్ తెరిచిన రోజుల్లో వచ్చేవారి సంఖ్య ఎంత పెరిగేదో రిజిస్టరు చూడకుండానే బయట వదిలిన చెప్పులు చూసి చెప్పవచ్చు.

క్లినిక్‌కు రానివారు ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తారు, లేదా మందుల షాపులో అడిగి ఏదో యాంటీబయోటిక్ సగం మోతాదు కొనుక్కుంటారు. లక్షణం తగ్గుతుంది, సూక్ష్మజీవి మిగిలిపోతుంది, మందుకు లొంగని రకంగా మారుతుంది. ఒకప్పుడు గనేరియాకు అద్భుతంగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఈనాడు దానికి పనికిరాకపోవడం వెనుక ఈ అలవాటు కూడా ఉంది. దీనికి తోడు స్త్రీలు తమను తాము కాపాడుకోవాలనే ఉద్దేశంతో చేసే కొన్ని పనులు హాని చేస్తాయి. ప్రతి గిరాకీ తరువాత సబ్బుతోనో, యాంటీసెప్టిక్ ద్రావణంతోనో లోపలి దాకా కడుక్కుంటే యోనిలో రక్షణగా ఉండే మంచి బాక్టీరియా నశించి, పొర పచ్చిబారి, ఇన్ఫెక్షన్‌కు దారి మరింత తెరుచుకుంటుంది. జారుడు కోసం కొబ్బరినూనె రాస్తే రబ్బరు బలహీనపడి కండోమ్ చిరుగుతుంది. నీటితో తయారైన జెల్ వాడాలి. ఒకదాని మీద ఒకటి 2 కండోమ్‌లు తొడిగితే రాపిడికి రెండూ చిరిగే ప్రమాదం ఉంది. నానాక్సినాల్-9 అనే వీర్యనాశక జెల్ హెచ్ఐవీని కూడా ఆపుతుందని ఒక దశలో శాస్త్రవేత్తలే ఆశించారు; ఆఫ్రికా దేశాల్లో, థాయిలాండ్‌లో సెక్స్ వర్కర్ల మధ్య జరిపి 2002లో ప్రచురించిన పరిశోధన, దాన్ని తరచుగా వాడినవారికి హెచ్ఐవీ ముప్పు పెరిగిందని తేల్చింది. ఇలాంటి వివరాలను కౌన్సెలింగ్‌లో చెప్పినప్పుడు స్త్రీలు శ్రద్ధగా విని, ప్రశ్నలు వేసి, తోటివారికి చెప్పేవారు. కండోమ్ వాడండమ్మా అన్న ఉపదేశానికి మాత్రం విని విని విసిగిపోయిన మౌనమే సమాధానం.

ఈ దేశంలో సెక్స్ వర్కర్ల లైంగిక వ్యాధులను అదుపు చేయాలన్న ప్రయత్నం ఎయిడ్స్‌తో మొదలు కాలేదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైనికులు పెద్ద సంఖ్యలో సుఖవ్యాధులతో ఆసుపత్రుల పాలవుతున్నారని ప్రభుత్వం ఆందోళన చెందింది. 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం, 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద స్త్రీల పేర్లు నమోదు చేసి, టికెట్లు ఇచ్చి, నిర్ణీత కాలంలో బలవంతంగా లోపలి పరీక్షలు చేసి, రోగం ఉందని తేలితే లాక్ హాస్పిటల్ అనే చోట నిర్బంధించేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ అధికారుల నివేదికల్లో సికింద్రాబాద్, బళ్లారి లాక్ హాస్పిటళ్ల లెక్కలు కూడా ఉన్నాయి. అంటే మన తెలుగు నేలకు ఇది పరాయి చరిత్ర కాదు. ఆ ఏర్పాటు లక్ష్యం సైనికుడి ఆరోగ్యం, సాధనం స్త్రీ శరీరం. ఫలితం ఊహించదగినదే: స్త్రీలు ఊళ్లు వదిలి పారిపోయారు, పేర్లు దాచారు, నమోదు కాకుండా తప్పించుకున్నారు, సైనికుల్లో వ్యాధులు ఆశించినట్లు తగ్గలేదు. బ్రిటన్‌లోనూ, ఇక్కడా వ్యతిరేకత పెరిగి 1888లో ఇక్కడి చట్టాన్ని రద్దు చేశారు. దాదాపు నూరేళ్ల తరువాత, 1986లో, మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో డాక్టర్ సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో దేశంలోని తొలి హెచ్ఐవీ కేసులు బయటపడ్డాయి. ఆ నమూనాలు నిర్బంధ గృహంలో ఉన్న సెక్స్ వర్కర్లవి. ఆ వైద్యుల కృషి గొప్పది. అయితే ఆ వార్త వెలువడినప్పటి నుంచి వ్యాధికి మూలం వారేనన్న ముద్ర సమాజంలో బలపడింది. ఆ ముద్ర ఇంకా చెరగలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి కలకత్తాలో సెక్స్ వర్కర్ల వాడ అయిన సోనాగాచిలో కనిపించింది. 1992లో అక్కడ లైంగిక వ్యాధుల నివారణ కార్యక్రమం మొదలుపెట్టిన డాక్టర్ స్మరజిత్ జానా వృత్తి ఆరోగ్యం అనే విభాగం నుంచి వచ్చినవారు. గనిలో పనిచేసేవాడికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే అతని నడవడికను ఎవరూ ప్రశ్నించరు, గనిలో గాలి ఎలా ఉందో చూస్తారు. జానా ఆ దృష్టినే ఈ పనికి కూడా వర్తింపజేశారు: పని చేసే చోటు ఎలా ఉంది, యజమానురాలు ఎవరు, బ్రోకరు ఎవరు, డబ్బు ఎవరి చేతిలోకి వెళ్తుంది, గిరాకీని కాదనే వీలు ఉందా అని అడిగారు. ఆ స్త్రీల పట్ల గౌరవం, వారి మీద ఆధారపడటం, వారి పనికి గుర్తింపు అనే 3 సూత్రాల మీద కార్యక్రమాన్ని నడిపారు. ఆ వీధుల్లో పనిచేసే స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మొదట్లో నూటికి ముగ్గురు మాత్రమే కండోమ్ వాడే పరిస్థితి నుంచి, ఆ దశాబ్దం ముగిసేసరికి అత్యధికులు వాడే స్థితికి సోనాగాచి చేరింది. అక్కడి స్త్రీలు 1995లో దర్బార్ మహిళా సమన్వయ కమిటీని స్థాపించుకున్నారు. 1999లో కార్యక్రమ నిర్వహణనే తమ చేతిలోకి తీసుకున్నారు. కండోమ్ లేకుండా ఎక్కువ డబ్బిస్తానన్న గిరాకీని ఒక ఇంట్లో కాదంటే పక్క ఇంటికి వెళ్తాడు. వీధి మొత్తం ఒకే మాట మీద నిలబడితే అతనికి వేరే దారి ఉండదు. సంఘం సాధించినది ఇదే. ఈ ఫలితం సోనాగాచి ప్రత్యేకతేమోనన్న అనుమానం రావడం సహజం; అందుకే పశ్చిమ బెంగాల్‌లోనే కూచ్‌బెహార్ జిల్లాలో 2 చిన్న పట్టణ ప్రాంతాలను ఎంచుకుని, ఒకచోట ఈ పద్ధతిని, మరొకచోట మామూలు పద్ధతిని అమలుచేసి పోల్చారు. మొదటి చోట కండోమ్ వాడకం 39 శాతం పెరిగితే, రెండో చోట 11 శాతం మాత్రమే పెరిగిందని 2004లో ప్రచురించారు. డాక్టర్ జానా 2021 మే నెలలో కోవిడ్‌తో మరణించారు.

థాయిలాండ్ అనుసరించిన దారిని కూడా ఇక్కడ చెప్పాలి. రాచబురిలో 1989లో మొదలై 1991 నుంచి దేశమంతటా అమలైన నూరు శాతం కండోమ్ విధానం కింద, కండోమ్ వాడని వ్యభిచార గృహాల మీద ప్రభుత్వం చర్య తీసుకునేది. వాడకం 14 శాతం నుంచి 90 శాతం పైకి చేరింది, ప్రభుత్వ క్లినిక్‌లకు లైంగిక వ్యాధులతో వచ్చే మగవారి సంఖ్య బాగా పడిపోయింది. ఆ విజయాన్ని నేను తక్కువ చేయను. కానీ అది యజమానుల మీద, వారి ద్వారా స్త్రీల మీద పోలీసు ఒత్తిడితో నడిచిన విధానం. వ్యభిచార గృహాల బయట పనిచేసేవారికి అది అందలేదు. మన రాష్ట్రాల్లో దాదాపు అందరూ ఆ బయట పనిచేసేవారే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సోనాగాచి లాంటి వీధి లేదు. కొన్ని పట్టణాల్లో కంపెనీలని పిలిచే ఇళ్లున్నా, ఎక్కువమంది సొంత ఇంటి నుంచో, లాడ్జిల్లోనో, బస్టాండ్ల దగ్గరో, జాతీయ రహదారి పక్కన డాబాల దగ్గరో పనిచేస్తారు. పగలు కూలికి వెళ్తూ, పాలు అమ్ముతూ, కొన్ని సాయంత్రాలు మాత్రమే ఈ పని చేసేవారూ ఉన్నారు; ఇంట్లో భర్తకు, అత్తకు తెలియదు. ఈ పరిస్థితిలో పీర్ ఎడ్యుకేటర్ అనే వ్యక్తి లేకపోతే ఏ కార్యక్రమమూ లేదు. ఆమె కూడా అదే పని చేస్తూ, తన పరిధిలోని 50, 60 మంది పేర్లు, వారు నిలబడే చోట్లు, ఎవరికి ఆ వారం జ్వరం, ఎవరి బిడ్డకు పరీక్షలు అన్నీ గుర్తుపెట్టుకునే మనిషి. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆరంభించిన అవాహన్ అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో ఈ వ్యవస్థను విస్తృతంగా నిర్మించింది. తరువాత దాన్ని ప్రభుత్వం స్వీకరించింది. దేశవ్యాప్తంగా సెక్స్ వర్కర్లలో హెచ్ఐవీ రేటు 2007లో 5 శాతం దాకా ఉండగా, 2010-11 నాటికి 3 శాతం లోపుకు దిగింది. ఈ తగ్గుదలలో చిన్న గౌరవ వేతనానికి ఎండలో తిరిగిన ఆ స్త్రీల పాత్రకు తగిన గుర్తింపు ఇప్పటికీ రాలేదు.

డ్రాప్-ఇన్ సెంటర్ల గురించి ఒక మాట. ప్రాజెక్టు ఆఫీసు పక్కనే ఒక గది, ఒక స్నానాల గది, అద్దం, చాపలు; అంతే. వచ్చి స్నానం చేసి, తల దువ్వుకుని, కాసేపు నిద్రపోయి వెళ్లే చోటు. లెక్కలు చూసేవారికి ఈ ఖర్చు అనవసరంగా కనిపిస్తుంది. బస్టాండ్‌లో పనిచేసే స్త్రీకి పగటి పూట భయం లేకుండా కన్ను మూసే చోటు ఇంకెక్కడా లేదని తెలిసినవారు ఆ మాట అనరు. నిద్ర లేచాక చాప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడే నాకు నిజమైన విషయాలు తెలిసేవి: ఏ లాడ్జిలో కొడుతున్నారు, ఎవరు కండోమ్‌కు ఒప్పుకోవడం లేదు, ఏ కొత్త అమ్మాయి పుండుతో బాధపడుతూ చెప్పుకోలేకపోతోంది.

అలా తెలిసిన విషయాల్లో అన్నిటికన్నా బరువైనది పోలీసుల గురించినది. మనం పగలు కండోమ్‌లు ఇస్తాం. రాత్రి సంచి వెతికినవారు వాటినే సాక్ష్యంగా చూపి కేసు కడతారు. కాబట్టి ఆమె ఒకటి రెండు మాత్రమే జాకెట్లో దాచుకుంటుంది, మిగిలినవి పారేస్తుంది. నాలుగో గిరాకీ వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. రాజమండ్రి ప్రాంతంలోని సెక్స్ వర్కర్ల మధ్య జరిగి 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీన్నే శాస్త్రీయంగా చూపింది: పోలీసులు కండోమ్‌లు లాక్కోవడం, అరెస్టు తప్పించుకోవడానికి పోలీసులతో గడపవలసి రావడం వంటి అనుభవాలు ఉన్న స్త్రీలలో లైంగిక వ్యాధుల లక్షణాలు, కండోమ్ లేకుండా పని చేయడం ఎక్కువగా ఉన్నాయి. మన దేశంలో పెద్ద వయసు వ్యక్తి స్వచ్ఛందంగా ఈ పని చేయడం నేరం కాదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని, బహిరంగంగా పిలవడాన్ని, మరొకరి సంపాదన మీద బతకడాన్ని నేరాలుగా చూస్తుంది. ఆచరణలో రోడ్డు మీద నిలబడిన స్త్రీయే పట్టుబడుతుంది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్లు ఆరోగ్య రక్షణ కోసం వాడే కండోమ్‌లను నేరంగా గాని, నేరానికి సాక్ష్యంగా గాని పరిగణించరాదని స్పష్టంగా ఆదేశించింది. నాకో ధ్రువీకరణతో ఆధార్ కార్డు ఇవ్వాలని, వారి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చెప్పింది. ఆ ఉత్తర్వు తెలుగు కాపీ ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఎస్ఐ బల్ల మీద ఉండాలని, ప్రతి టీఐ ప్రాజెక్టు తన పరిధిలోని స్టేషన్‌కు దాన్ని స్వయంగా తీసుకెళ్లి ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను. ఆపదలో ఆదుకునే క్రైసిస్ బృందం అర్ధరాత్రి స్టేషన్‌కు వెళ్లి ఒక స్త్రీని విడిపించుకు వస్తే, మరుసటి వారం క్లినిక్‌కు ఆమెతో పాటు ఇంకెందరో వస్తారు. లాన్సెట్ పత్రిక 2014లో ప్రచురించిన విశ్లేషణ, ఈ వృత్తిని నేరంగా చూడటం మానేస్తే 10 ఏళ్లలో సెక్స్ వర్కర్లలోనూ, వారి దగ్గరకు వచ్చేవారిలోనూ కొత్త హెచ్ఐవీ ఇన్ఫెక్షన్లలో 33 నుంచి 46 శాతం వరకు నివారించవచ్చని అంచనా వేసింది. ఇంత ప్రభావం చూపగల మాత్ర ఏదైనా కనుగొంటే ప్రభుత్వాలు వెంటనే కొనేవి.

అప్పు రెండో విషయం. రోజువారీ వసూలు చేసే ఫైనాన్స్ వాడు సాయంత్రం వీధి చివర నిలబడతాడు. ఆ రోజు గిరాకీ లేకపోతే, కండోమ్ లేకుండా రెట్టింపు ఇస్తానన్న మనిషిని కాదనడం ఆ స్త్రీకి సాధ్యం కాదు; వైరస్ ఎప్పుడో చేసే హాని కన్నా వడ్డీవాడు ఈ పూట చేసే అవమానం దగ్గరిది. సోనాగాచి స్త్రీలు 1995లోనే ఉషా సహకార సంఘం పెట్టుకుని, తక్కువ వడ్డీకి అప్పులు, పొదుపు ఏర్పాటు చేసుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మన రాష్ట్రాల్లో మహిళా పొదుపు సంఘాలు దేశానికే ఆదర్శమని చెప్పుకుంటాం. కానీ పనేమిటో తెలిసిన స్త్రీని ఊరి సంఘంలో కూర్చోనివ్వరు. బ్యాంకు ఖాతా, పొదుపు పుస్తకం కండోమ్‌తో సమానంగా నివారణ సాధనాలే.

మూడోది అందరూ మరిచేది: ఆమె ఇష్టపడి ఉంటున్న మనిషి. గిరాకీతో కండోమ్ తప్పకుండా వాడే స్త్రీ, భర్తతోనో తోడుగా ఉన్న మనిషితోనో వాడదు. అక్కడ కండోమ్ తీయడం ప్రేమకు గుర్తు, వాడమనడం అనుమానానికి గుర్తు. ఆ మనిషికి ఇతర సంబంధాలు ఉంటే వ్యాధి ఆ దారినే వస్తుంది, చికిత్స చేసినా మళ్లీ మళ్లీ వస్తుంది. భాగస్వామికి కూడా మందు ఇవ్వడం నియమంలో ఉంది. అతన్ని క్లినిక్‌కు తీసుకురావడం మాత్రం చాలా అరుదుగా జరుగుతుంది. ఇక్కడ మందలింపు పనికిరాదు. దంపతులుగా ఇద్దరినీ పిలిచి, పిల్లల మాట మీదుగా, సంతానం మాట మీదుగా సంభాషణ మొదలుపెడితే కొన్నిసార్లు ఫలించేది.

ఇప్పుడు పని జరిగే తీరే మారిపోయింది. ఫోన్ వచ్చాక బస్టాండ్‌లో నిలబడేవారు తగ్గారు. వాట్సాప్‌లో మాట్లాడుకుని నేరుగా గదికి వెళ్తున్నారు. హాట్‌స్పాట్‌ల, అంటే స్త్రీలు నిలబడే చోట్ల, పటం గీసి, అక్కడికి పీర్ ఎడ్యుకేటర్‌ను పంపే పాత పద్ధతికి ఈ స్త్రీలు దొరకరు. వయసులో చిన్నవారు, చదువుకున్నవారు, ప్రాజెక్టులో పేరు రాయించుకోవడానికి భయపడేవారు వీరిలో ఎక్కువ. వీరి కోసం పేరు అడగని టెలిఫోన్ కౌన్సెలింగ్, ఇంటి దగ్గరే చేసుకునే హెచ్ఐవీ స్వీయ పరీక్ష, సాధారణ స్త్రీల వైద్యం చేసే క్లినిక్‌లోనే ఈ సేవలు దొరకడం వంటి ఏర్పాట్లు చేయాలి. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది; అనుమతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఇతరులకు చెప్పడం దాని ప్రకారం చట్టవిరుద్ధం. ఈ సంగతి ఫోన్‌లో మాట్లాడే మొదటి నిమిషంలోనే చెబితే అవతలి గొంతులో బెదురు తగ్గుతుంది.

కొత్త సాధనాలు కూడా చేతికి వచ్చాయి. హెచ్ఐవీ సోకకముందే రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలను సోనాగాచిలో దర్బార్, మైసూరులో అశోదయ సమితి సెక్స్ వర్కర్ల ఆధ్వర్యంలోనే ప్రయోగాత్మకంగా ఇచ్చి చూశాయి, వాటిని స్త్రీలు క్రమం తప్పకుండా వేసుకున్నారు. అయితే ప్రెప్ సిఫిలిస్‌ను గాని, గనేరియాను గాని ఆపదు. మాత్ర వచ్చిందని కండోమ్ పంపిణీ తగ్గిస్తే నష్టం జరుగుతుంది. హెచ్ఐవీ ఉన్నవారు వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు సరిగా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరితే లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ మాట మన క్లినిక్‌లలో ఇంకా తగినంత ధైర్యంగా చెప్పడం లేదు. హెపటైటిస్-బి టీకా 3 మోతాదులు ఈ స్త్రీలందరికీ ఇవ్వాలి. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు దాదాపు 6 రెట్లు ఎక్కువ. స్పెక్యులమ్ పరీక్ష చేసే బల్ల మీదనే, అదే రోజు, ఆ క్యాన్సర్ పరీక్ష కూడా చేయవచ్చు, అందుకు ఆమెను మరో ఆసుపత్రికి పంపి మరో వరుసలో నిలబెట్టనక్కరలేదు. వేలి నుంచి తీసిన ఒకే రక్తపు చుక్కతో హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే పరీక్షలు వచ్చాయి. వాటిని డాబాల దగ్గరకు, లాడ్జిల దగ్గరకు సాయంత్రం వేళ తీసుకెళ్లి, ఫలితం 20 నిమిషాల్లో చెప్పి, పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను ఆ రోజే ఇచ్చే ఏర్పాటు జిల్లాకు ఒక్క సంచార బృందంతో సాధ్యమవుతుంది. ఆ బృందంలో వాహనం నడిపేవారి దగ్గర నుంచి వేలికి సూది గుచ్చేవారి దాకా, శిక్షణ పొందిన సెక్స్ వర్కర్లకే ఉద్యోగాలు ఇవ్వాలి. నెల జీతంతో, గుర్తింపు కార్డుతో, రాత్రి పనికి అదనపు భత్యంతో.